కడుగునీళ్ల పరంజ్యోతి

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, థర్మల్ ప్లాంటు బూడిద లారీల వెనక దుమ్ము తింటూ ఆరు కిలోమీటర్లు పోతే సన్నదిబ్బ అనే ఊరు వస్తుంది. ఆ ఊళ్లో పరంజ్యోతి ఇల్లెక్కడని అడిగితే ఏ పరంజ్యోతి అంటారు. కడుగునీళ్ల పరంజ్యోతి అంటే చంటిపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు. ఒకప్పుడు ఆ పేరును మర్యాదగా పలికేవాళ్లు. ఇప్పుడు ఎలా పలుకుతారో ఈ కథ వింటే మీకే తెలుస్తుంది.

అతనికి యాభై మూడేళ్లు. పదో తరగతి తప్పినవాడు. ఊరి పక్కన జిగురు ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో పనికి చేరి, పదకొండేళ్లు ఒకటే పని చేశాడు. కెటిల్ కడగడం. కెటిల్ అంటే ఇంట్లో టీ కాచుకునేది కాదు. రెండు నిలువుల ఎత్తున్న స్టీలు పాత్ర. వడ్రంగులు వాడే తెల్ల జిగురు అందులో తయారవుతుంది. ఒక బ్యాచ్ దిగాక లోపలి గోడలకు జిగురు అట్టకట్టి ఉంటుంది. పైపు పెట్టి నీళ్లు కొట్టి కడగాలి. ఒక్కో కడుగుకు నాలుగు వేల లీటర్లు. పాలలాగా దిగే ఆ నీళ్లు శుద్ధి తొట్లలోకి పోవాలని కాగితాల్లో ఉంది. తొట్లు పట్టేది రోజుకు ఒక్క కడుగు. ఫ్యాక్టరీలో జరిగేవి మూడు. మిగతా రెండూ ఎక్కడికి పోతున్నాయని ఎవరూ అడగక్కర్లేదు, వెనక కాలువ వైపు చూస్తే చాలు.

ఆ కాలువ మీద ఎండకు మీగడ కట్టేది. గట్టు పక్క మీగడ ఎండి ప్లాస్టిక్ కాగితంలా లేచేది. నీళ్లలో దిగిన గేదెలకు కాళ్ల నిండా తెల్ల పొర. చేపలు మొప్పలు అంటుకుపోయి తేలేవి. కాలువకు రెండొందల గజాల దూరంలో అంకాలమ్మ దొరువు ఉంది. ఇసుక నేలలో ఏటవాలుగా తవ్వుకుంటూ పోతే అడుగున మంచినీళ్లు ఊరతాయి, దాన్నే దొరువంటారు. అంకాలమ్మ రెండు చేతుల్లో రెండు బిందెలు పట్టుకుని దొరువులోకి దిగి, ముంచుకుని, ఎక్కి వచ్చి నారుమళ్లకు పోస్తుంది. ఇరవై ఐదేళ్లుగా వంగ, మిరప, టమాటా నారు పెంచి అమ్ముతుంది. ఆమె నారు కోసం కావలి నుంచి కూడా రైతులు వస్తారు. ఆ దొరువులో నీళ్లు తెల్లబారడం మొదలయ్యాక, మొలకలు మూడాకులకే వాడిపోయేవి. ఆమె ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి తిట్టేది. ఆ తిట్లు లోపల ఏసీ గదుల్లో ఉన్నవాళ్లకు వినబడవు. కెటిల్ కడిగి బయటికొచ్చే పరంజ్యోతికి వినబడేవి.

ఇంట్లో భోజనం దగ్గర కూడా ఆ తిట్లే గుర్తొచ్చేవి. ఒకరోజు పొద్దున అతని భార్య ప్రేమలీల దోసెల పిండి డబ్బాలోకి తీసి, గిన్నె గోడలు వేలితో గీకి, చారెడు నీళ్లు పోసి కడిగి, ఆ కడుగు కూడా పిండిలోనే పోసింది. తెలుగు దేశంలో ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఇరవై ఏళ్ల కాపురంలో అతను రోజూ చూసిందే. ఆ రోజు మాత్రం కూర్చున్న పీట మీద నుంచి లేచాడు. తాము కాలువలో వదిలేది కూడా పలచబడ్డ జిగురే కదా. రేపటి బ్యాచ్‌కు మొదట పోసేది మూడు వేల లీటర్ల మంచినీళ్లే కదా. ఈ నీళ్లే ఎందుకు పోయకూడదు?

మేనేజరు నరేంద్రబాబు విని నవ్వలేదు. అతనిలో ఆ మంచి గుణం ఉంది, ఎవరు చెప్పినా వింటాడు. ఒక బ్యాచ్ చేసి చూడమన్నాడు. మొదటిది చెడింది. రెండు రోజులు నిలవున్న కడుగు ఎండకు పులిసి, జిగురంతా కంపు కొట్టింది. దోసెల పిండి ఇంట్లో పులిస్తే సంతోషం, ఫ్యాక్టరీలో పులిస్తే మెమో. పరంజ్యోతి మెమో తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ముందు గోడలను పొడుగాటి రబ్బరు పలకతో గీకించాడు. నాలుగు వేల లీటర్ల చోట పన్నెండొందలతో కడిగాడు. ఆ నీళ్లు మూత ఉన్న తొట్టిలో పట్టి, మర్నాడే వాడేలా బ్యాచ్‌ల వరస మార్పించాడు. ఒకే రకం జిగురు కాబట్టి కుదిరింది. ఎనిమిది నెలల్లో కాలువలోకి పోయే పైపు ఎండిపోయింది. పైపు మూతి దగ్గర సాలీడు గూడు కట్టిందని పరంజ్యోతి ఇంటికొచ్చి భార్యకు చెప్పుకున్నాడు.

రెండు వానాకాలాలు పోయేసరికి కాలువ తేరుకుంది. అంకాలమ్మ దొరువులో అడుగున ఇసుక కనబడింది. ఆమె మొదటి వంగనారు కట్ట తెచ్చి ప్రేమలీల చేతిలో పెట్టి వెళ్లింది. ఊరు అతనికి పేరు పెట్టింది అప్పుడే.

ఆ ఆదివారం పరంజ్యోతి చర్చిలో సాక్ష్యం చెప్పాడు. చర్చికి పోనివాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. పాటలయ్యాక ఎవరైనా లేచి నిలబడి, తమ బతుకులో జరిగిన మేలు పదిమందిలో చెప్పుకుంటారు. దానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఎంత కష్టంలో ఉన్నామో చెప్పాలి, తర్వాత ఎలా బయటపడ్డామో చెప్పాలి, చివర స్తోత్రం చెప్పి కూర్చోవాలి. జబ్బు నయమైందని చెప్పేవాడు ఇంకా మోకాలు నొస్తోందని చెప్పడు. చెబితే అది సాక్ష్యం కాదు, ఫిర్యాదు. దేవుడు చేసిన మేలును తక్కువ చేసినట్టు. పరంజ్యోతి నలభై ఏళ్లుగా ఆ సాక్ష్యాలు విన్నాడు, చెప్పాడు. నోరు తెరిస్తే మాట ఆ వరసలోనే వచ్చేంతగా అలవాటైంది. ఆ అలవాటులో తప్పు లేదు. దాన్ని ఎక్కడికి మోసుకుపోయాడన్నదే తప్పు.

మూడేళ్ల కిందట ఫ్యాక్టరీవాళ్లు కొత్త యూనిట్ కడతామన్నారు. ప్లైవుడ్‌కు వేసే ఎర్ర జిగురు, టేపుల బంక, పెయింట్లలో కలిపే పాలిమర్, అన్నీ కలిపి ఆరు రకాలు. దానికి ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. నరేంద్రబాబు పరంజ్యోతిని గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, నువ్వు చేసింది నువ్వే చెప్పు, మేమెవరం చెప్పినా ఊరు నమ్మదు అన్నాడు. పదకొండేళ్లు కెటిల్ లోపల నిలబడ్డ మనిషి ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి.

బల్ల మీద కొత్త యూనిట్ ప్లాను పరిచి ఉంది. పరంజ్యోతికి ఇంగ్లీషు రాకపోయినా తొట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టడం వచ్చు. కడుగునీళ్లకు ఒకటే తొట్టి ఉంది. అదే అడిగాడు. ఆరు రకాలకు ఆరు తొట్లు కావాలి, ఒక రకం కడుగు ఇంకో రకంలో పడితే బ్యాచ్ విరిగిపోతుంది, ఎర్ర జిగురు కడుగైతే అసలే ముట్టుకోకూడని విషం అని వివరంగా చెప్పాడు. నరేంద్రబాబు అంతా విని తల ఊపాడు.

"నువ్వు చెప్పాల్సింది పాత యూనిట్ గురించి గదా పరంజ్యోతీ. అబద్ధం చెప్పమని నేనంటానా? జరిగింది జరిగినట్టు చెప్పు. తొట్ల సంగతి యూనిట్ లేచినాక చూసుకుందాం," అన్నాడు.

పరంజ్యోతి సరే సార్ అని బయటికి వచ్చాడు. ఇక్కడే అతన్ని అమాయకుడని వదిలేయాలని నాకూ అనిపిస్తుంది. కాని అతను అమాయకుడు కాడు. తొట్టి ఒకటే ఉందని తెలుసు, ఒకటి చాలదని తెలుసు. ఇంటికి పోయి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. మైకు ముందు నిలబడబోతున్నానన్న ఆనందం పీకల దాకా ఉంది.

బడి ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద అధికారులు, ఒక పక్క వీడియో తీసేవాడు. ఊరంతా వ్యతిరేకంగానే వచ్చింది. అంకాలమ్మ ముందు వరసలో కూర్చుంది. ఎనిమిదేళ్ల నాటి తెల్లనీళ్లు ఒక సీసాలో పట్టి దాచింది, అది ఒళ్లో పెట్టుకుంది. అధికారుల ముందు మూత తీసి చూపించి, మళ్లీ మాకిదే తాపుతారా అని అడగాలని ఆమె పట్టుదల. ఆమె కంటే ముందు పరంజ్యోతి పేరు పిలిచారు.

అతను బాగా మాట్లాడాడు. ఇప్పటికీ ఆ వీడియో చూస్తే గొంతులో ఎక్కడా తడబాటు వినబడదు. కాలువ మీగడ గురించి, చచ్చిన చేపల గురించి ఏదీ దాచకుండా చెప్పాడు. ప్రేమలీల పిండి గిన్నె సంగతి చెబితే ఆడవాళ్లు నవ్వారు. పులిసిన బ్యాచ్, రబ్బరు పలక, ఎండిన పైపు, అన్నీ వరసగా వచ్చాయి. చివర రెండు చేతులూ పైకి చూపించాడు.

"పదకొండేళ్లు ఈ చేతులతోనే ఆ కాలవని చెడగొట్టినాను. ఈ చేతులతోనే బాగు చేసినాను. మీరందురూ కళ్లారా చూసినారు. ఇంతకన్నా నేను చెప్పేదేం లేదు," అని స్తోత్రం చెప్పి కూర్చున్నాడు.

అంత ప్రసంగంలోనూ చివరి మాట ఒక్కటే అబద్ధం. చెప్పేది ఇంకా ఉంది. ఆరు రకాలున్నాయి, ఒక తొట్టి ఉంది. అది చెబితే సాక్ష్యం ఫిర్యాదయ్యేది. ఊరు చప్పట్లు కొట్టింది. అంకాలమ్మను పిలిచినప్పుడు ఆమె సీసాను సంచిలో పెట్టుకుని, జ్యోతి చెప్పినాక నేను చెప్పేదేముందయ్యా అని కూర్చుండిపోయింది. ఆమె కూర్చుంటే మిగతావాళ్లు కూడా లేవలేదు.

యూనిట్ పద్నాలుగు నెలల్లో లేచింది. తొట్టి ఒకటే. పరంజ్యోతి అడిగినప్పుడల్లా వచ్చే బడ్జెట్‌లో అన్నారు. ఆరు రకాల కడుగులు ఒక తొట్టిలో కలిసి, దేనికీ పనికిరాని గోధుమరంగు నీళ్లయ్యాయి. తొట్టి నిండితే ఏం చేయాలో ఫ్యాక్టరీకి కొత్తగా నేర్పక్కర్లేదు. పాత పైపును మళ్లీ తెరిచారు. ఈసారి తెలివి పెరిగింది, వాన పడేటప్పుడే వదిలేవాళ్లు. వాననీళ్లలో కలిసి కొట్టుకుపోతే రంగు కనబడదు. మందుల షాపు వాసన మాత్రం ఊళ్లోకి వచ్చేది.

పోయిన కార్తీకంలో వారం రోజుల ముసురు పట్టింది. ముసురు తగ్గిన మూడో రోజు అంకాలమ్మ దొరువులో నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. ఆ నీళ్లే పోసిన నారుమళ్లు నాలుగూ రెండు రోజుల్లో ఉడికించినట్టు పడిపోయాయి. బిందెలు ముంచిన ఆమె చేతులు మోచేతుల దాకా పొక్కాయి. సంగతి తెలిసి పరంజ్యోతి వెళ్లాడు. ఆమె దొరువు గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె తిడుతుందని, తిడితే బాగుండునని అతను అనుకున్నాడు. ఆమె తిట్టలేదు.

ప్లానులో తొట్టి ఒకటేనని నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసక్కా అన్నాడు.

"నువ్వు అబద్ధం చెప్పుంటే ఆరోజే పట్టుకోనుంటా జ్యోతీ. నిజం చెప్పినావు. అందుకే నోరు మూసుకోని కూచున్నా," అంది.

ఆ మాటతో అతనికి నిద్ర పోయింది, తిండి పోయింది. వారం తిరక్కుండా నెల్లూరు పోయి కాలుష్యం చూసే ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాడు. పైపు ఎప్పుడు తెరుస్తారో, ఏ షిఫ్టులో తెరుస్తారో, వాల్వు ఎక్కడుందో బొమ్మ గీసి ఇచ్చాడు. తనిఖీకి వచ్చారు. వచ్చినరోజు ఎండ మండిపోతోంది, పైపు ఎండి ఉంది. సీసాల్లో పట్టుకుపోయిన కాలువ నీళ్లలో ఏమీ తేలలేదు. తర్వాత అతన్ని పిలిపించిన అధికారి చెడ్డవాడేమీ కాడు. ఫైల్లోంచి ప్రజాభిప్రాయ సేకరణ నివేదిక తీసి, ఇది చెప్పింది మీరేనా అని అడిగాడు. నేనే సార్ అన్నాడు పరంజ్యోతి. ఇందులో ఏదైనా అబద్ధముందా అంటే లేదన్నాడు. అధికారి ఒక చేత్తో ఆ నివేదిక, ఇంకో చేత్తో ఈ ఫిర్యాదు పట్టుకుని, నన్నేం చెయ్యమంటారని నిజంగానే అడిగాడు.

ఫ్యాక్టరీలో కేకలు వేయలేదు. నరేంద్రబాబు మళ్లీ అదే గదిలో అదే కుర్చీ చూపించి, నువ్వు మాకు చేసిన మేలు మర్చిపోము, ఇక విశ్రాంతి తీసుకో అన్నాడు. మర్నాడు గేటు దగ్గర అతని కార్డు పనిచేయలేదు. ఊళ్లో కొందరు ఎదురుపడితే కడుగునీళ్లోడు పోతా ఉండాడు అని అతనికి వినబడేలాగే అనడం మొదలుపెట్టారు. ఆదివారం పాస్టరు సాక్ష్యాలకు పిలిచినప్పుడు అతను తల వంచుకుని కూర్చునేవాడు.

ఇంతలో ప్రేమలీల చెల్లెలు ఫ్లోరా ఫోన్ చేసింది. దొరవారిసత్రం అవతల ఒక పల్లెలో ఆమె కాపురం, రెండెకరాల వరి. గొంతు నిండా సంతోషంతో, బావను మా ఊళ్లో పెద్ద తెర మీద చూసినాం అని చెప్పింది. అదే కంపెనీ అక్కడ ఇంకో జిగురు ఫ్యాక్టరీ పెడుతోంది. ఊరంతా వద్దంటూ ఉంటే, కంపెనీవాళ్లు పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి పరంజ్యోతి వీడియో వేశారు. నీళ్లు పులికాట్ సరస్సు వైపు పారే చోటు అది. ఆ మాట విని పరంజ్యోతి తనే ఆ ఊరికి పోవాలనుకున్నాడు. సగం చెప్పిన నోటితోనే మిగతా సగమూ చెబితే, కనీసం ఆ ఊరైనా మిగులుతుందని అతని ఆశ. ఈ ఒక్కటి చేయగలిగితే అంకాలమ్మ మొహం చూడగలనని భార్యతో అన్నాడు.

మర్నాడు నెల్లూరులో ప్యాసింజరు ఎక్కి దొరవారిసత్రంలో దిగాడు. పాలకేంద్రం షెడ్డులో ముప్పై మంది దాకా పోగయ్యారు. కనబడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. కుర్చీ తుడిచి వేశారు. వీడియోలో చూపించిన చేతులు చూపించమని ఒక ముసలాయన అడిగి, తన చేతుల్లోకి తీసుకున్నాడు. అంత మర్యాద సన్నదిబ్బలో కూడా అతనికి ఏనాడూ జరగలేదు.

ఈసారి పరంజ్యోతి ఏదీ మిగల్చలేదు. ప్లాను, ఒక్క తొట్టి, తను మింగేసిన మాట, అంకాలమ్మ చేతుల మీద పొక్కులు, వానలో తెరిచే పైపు, అన్నీ చెప్పాడు. నా తప్పుంది అని రెండుసార్లు అన్నాడు. వాళ్లు అడ్డు రాకుండా విన్నారు. చివరికి విజయభాస్కర్ అనే రైతు, మొదట్లో ఫ్యాక్టరీకి ఎదురు నిలబడ్డవాడు, ఒక ప్రశ్న అడిగాడు. మీరిప్పుడు అక్కడే పని చేస్తా ఉండారా అని. లేదు, తీసేసి నాలుగు నెలలైంది అన్నాడు పరంజ్యోతి. షెడ్డులో జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అన్నా, కోపం చేసుకోబాకండి," అన్నాడు విజయభాస్కర్. "ఉద్యోగంలో ఉన్నప్పుడు మంచిదన్నారు. తీసేసినాక చెడ్డదంటా ఉండారు. అప్పుడు మిమ్మల్ని ఎవురూ కొనలేదని నమ్మి నేను కూడా ఒప్పుకున్నా. ఇప్పుడు ఎట్ట నమ్మమంటారో మీరే చెప్పండి."

అంకాలమ్మను తీసుకొచ్చి చూపిస్తానన్నాడు పరంజ్యోతి. నీళ్లు పట్టి తెస్తానన్నాడు. వాళ్లు సరే అన్నా, ఆ సరేలో బరువు లేదు. ఒక్కొక్కరే పాలక్యాన్లు అందుకుని లేచిపోయారు. ముసలాయన పోతూ పోతూ, కంపెనీతో తగువుంటే పెద్దమనుషుల్లో తేల్చుకో నాయనా, మా ఊరి మీదకెందుకు తెచ్చావని మెల్లగా మందలించాడు.

స్టేషను దాకా ఫ్లోరా తోడొచ్చింది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక, నువ్వైనా నమ్ముతున్నావా అమ్మా అని అతనడిగాడు.

"నువ్వు చెప్తే నేనెప్పుడు నమ్మలేదు బావా?" అంది ఫ్లోరా. "అప్పుడూ నమ్మినా. ఇప్పుడూ నమ్మతా ఉండా. మా రెండెకరాలూ ఫ్యాక్టరీకి రాసిచ్చి, మొన్న సోమారమే సంతకం పెట్టినాం. మా బావ అబద్ధం చెప్పడని, మా ఆయన్తో సహా పదిమందిని తీసకపోయి పెట్టించినా, నేనే."

రైలు గంటకు పైగా ఆలస్యం. అది వచ్చేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు.